టింబక్టూ చూడని టింబక్టూ

మొన్న చిట్టమూరు రోడ్డు మీద టీ కొట్లో కూర్చుని ఉంటే టీవీలో ఒక ఎడారి కనిపించింది. బారుగా నిలిచిపోయిన డీజిల్ లారీలు తగలబడుతున్నాయి. ముఖాలకు గుడ్డలు చుట్టుకున్న కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళ మీద తుపాకులు పైకెత్తి తిరుగుతున్నారు. కింద మాలీ అని రాసి ఉంది.

"యాడబ్బా అది? పాకిస్తానా?" అన్నాడు ఒకడు.

"ఏదో ఒకటిలే. గుడ్డలు కట్టుకోనుండారు గదా, అంతా ఒకటే," అన్నాడు పక్కవాడు.

టీ కాచేవాడు ఛానల్ మార్చి క్రికెట్ పెట్టాడు. దేశాల సంగతి అంతటితో తేలిపోయింది.

ఆయన ఉండి ఉంటే ఈపాటికి గ్లాసు ఠప్పున బల్ల మీద పెట్టి, "ఒరే తెలివిగల నాయాళ్ళారా" అని మొదలుపెట్టేవాడు. పోయిన ఎండాకాలం ఆయన్ని పూడ్చిపెట్టి వచ్చాం. ఇంక ఈ ఊళ్ళో మాలీ ఎక్కడుందో ఎవరూ తెలుసుకోనక్కర్లేదు.

ఆయన పేరు రాయను. బతికి ఉన్నప్పుడు ఎవరం పేరుతో పిలవలేదు, ఇప్పుడు రాస్తే మర్యాద చేసినట్టు నటించడమే అవుతుంది. టింబక్టూ అనేవాళ్ళం. బోరు వేసే రిగ్గు బండి మీద మెకానిక్కుగా మాలీ దేశానికి వెళ్ళి, ఉత్తరాన గావో అనే ఊళ్ళో కొన్నేళ్ళు ఉండి వచ్చాడు. మాకు ఆ వైపు తెలిసిన పేరు టింబక్టూ ఒక్కటే, అది కూడా ఎవడైనా కనిపించకుండా పోతే వాడడానికి. తమాషా ఏమిటంటే ఆయన టింబక్టూ చూడనే లేదు. అయినా అక్కడి సంగతులు కళ్ళారా చూసినట్టే చెప్పేవాడు. ఎవరైనా నిలదీస్తే, "నువ్వు ఢిల్లీ చూసినావా? రోజూ దాన్ని తిట్టవా?" అనేవాడు.

మంచివాడేం కాదు. తాగేవాడు. తాగితే భార్య మీద అరిచేవాడు. ఒకసారి చెప్పిన కథలో తుపాకి ఎదుటివాళ్ళ చేతిలో ఉంటే, ఇంకోసారి చెప్పినప్పుడు తన చేతిలో ఉండేది. ఊళ్ళో ప్రతి మనిషినీ పురుగును చూసినట్టు చూసేవాడు. పొలం ఉన్నవాడన్నా, రొయ్యల గుంటలున్నవాడన్నా, పాస్టరన్నా, ఎమ్మార్వో అన్నా ఒకటే చూపు. నన్ను 'అధ్యక్షా' అనేవాడు. ఆ మాటలో ఎంత వెటకారం పట్టించవచ్చో ఆయన నోట విన్నాకే తెలిసింది.

బయటికి వస్తే తలకూ మూతికీ కలిపి తువ్వాలు చుట్టుకునేవాడు. కళ్ళు మాత్రమే కనిపించేవి. టీ తాగేటప్పుడు కూడా విప్పడు, కింది అంచు కాస్త ఎత్తి గ్లాసు లోపలికి పోనిచ్చేవాడు. "అక్కడ తువారెగ్గులని ఒక జాతి ఉండాది. వాళ్ళలో ఆడోళ్ళు ముఖం కప్పుకోరు. మొగోళ్ళు కప్పుకుంటారు. పెద్దోళ్ళ ముందర నోరు చూపించేది సిగ్గులేనితనం వాళ్ళకి," అని చెప్పి నా వైపు తిరిగేవాడు. "నీ మాదిరి మీటింగుల్లో నోరు తెరిచేవాళ్ళకి ఇది బో పనికొస్తది. చుట్టేది నేర్పిస్తా రా." నిజంగానే ఒకరోజు నా తలకు చుట్టి చూపించాడు కూడా.

ఇంటికి వెళ్తే తువారెగ్గుల టీ పోసేవాడు. చిన్న చిన్న గ్లాసులు, బొగ్గుల మీద చిన్న పాత్ర, చెయ్యి తల పైదాకా ఎత్తి పొయ్యడం. అదే ఆకును మూడుసార్లు మరగబెట్టి మూడు విడతలు ఇవ్వాలి. మొదటిది తారు. మూడోది చక్కెర నీళ్ళు. మూడోది తాగకుండా లేస్తే ఇంటివాణ్ణి అవమానించినట్టు. నేను ఎప్పుడూ రెండోదానికే లేచేవాణ్ణి, పనుందని. ఏ పనీ ఉండేది కాదు. ఆయనతో అంతసేపు కూర్చోవడం నా స్థాయికి తగదని లోపల ఎక్కడో ఉండేది. ఈ మాట ఇప్పుడు రాయడం తేలికే, వినేవాడు లేడు కదా.

ఆ టీల మధ్య ఆయన చెప్పిన ఒకే ఒక్క కథ ఉంది. వివరాలు మారేవి కాని ఎముక మారేది కాదు.

గావో అవతల ఎడారిలో ఒక ముసలి తువారెగ్గు ఉండేవాడట. నీలం రంగు తలపాగా. ఆ రంగు చెమటకు దిగి చెంపలు కూడా నీలంగా ఉండేవి. వాళ్ళ గుంపుకు ఈయన రిగ్గే బోరు వేసింది. నీళ్ళు పడ్డ రోజు ముసలాయన మేకను కోశాడు. ఆ జాతికి రాజధానిలోని ప్రభుత్వం మీద తరాల నాటి కోపం. కరువులో పశువులు చచ్చినా పలకలేదు, రోడ్డు వేస్తామని వెయ్యలేదు, అడిగితే సైన్యాన్ని పంపారు. చివరికి లిబియాలో యుద్ధం ముగిసి అక్కడ కొలువు చేసిన వాళ్ళ కుర్రాళ్ళు తుపాకులతో తిరిగి వచ్చారు. మాకు వేరే దేశం కావాలని తిరగబడ్డారు.

"కోపం నిజమేనబ్బా. నేను కాదన్లా," అనేవాడు. "కానీ చూడు, బోరుకు డీజిల్ లేదు, జెండా మాత్రం కుట్టించుకున్నారు. సైన్యం వాళ్ళు ఏం తక్కువ తిన్లేదు. యూనిఫారం విప్పి పారేసి లుంగీలు కట్టుకోని పారిపొయినారు. నా లుంగీ గూడా ఒకడు ఎత్తకపొయినాడు."

తిరుగుబాటుదారులు గావో పట్టుకున్నారు. వాళ్ళతోపాటు ఇంకో రకం వాళ్ళూ ఊళ్ళోకి వచ్చారు. నల్ల జెండాల వాళ్ళు. వాళ్ళకు దేశం అక్కర్లేదు, మతం కావాలి, అది కూడా తాము చెప్పిన మతం. మొదట కొన్నాళ్ళు రెండు జెండాలూ పక్కపక్కనే ఎగిరాయి. తర్వాత ఫోన్లలో పాటలు ఆపించారు. రిగ్గు మీది రేడియోను రాయితో పగలగొట్టారు. డోలు మోగిస్తే కొరడా. టింబక్టూలో తమ మతంవాళ్ళే తరతరాలుగా మొక్కుకునే ఫకీర్ల సమాధులను గునపాలతో కూల్చారు. కొన్ని నెలలు తిరిగేసరికి దేశం కావాలన్నవాళ్ళను తుపాకులతో తరిమి ఊరంతా వాళ్ళే తీసుకున్నారు.

రిగ్గు బండి వదిలి పక్క దేశం నైజర్ సరిహద్దు వైపు పారిపోతున్న రోజు, ఊరి బయట ఈయనకు ఆ ముసలాయన కనిపించాడు. తుపాకి లేదు. ఉత్త చేతులతో రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు.

"నేనడిగినా. వచ్చిన బాసలోనే అడిగినా. ఎందుకు సామీ పిలుచుకున్నావు ఆ నల్ల జెండాలోళ్ళని, అని. ఏం చెప్పినాడో తెలుసునా?" అని ఆగి, తువ్వాలు అంచు ఎత్తి టీ తాగేవాడు. "వాళ్ళ దగ్గర బండ్లుండాయి, అన్నాడు. అంతే. బండ్లుండాయంట!"

ఇక్కడ నవ్వేవాడు. దగ్గు వచ్చేదాకా నవ్వేవాడు. రిగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండేది. నేనూ నవ్వేవాణ్ణి. ఎంత తెలివితక్కువ ముసలాడో అని నవ్వేవాణ్ణి.

ఇక మా ఊరి సంగతి. మా వరి పొలాల పక్కన రొయ్యల గుంటలు లేచాయి. గుంటల ఉప్పునీళ్ళు మురుగు కాలువలోకి వదిలితే ఆ కాలువ మా మళ్ళలోకి పొర్లుతుంది. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నాట్లు ఎర్రబడి చచ్చాయి. కాలువ వేరు చెయ్యమని అర్జీలు పెట్టాం, ధర్నా చేశాం, ఎవరూ పలకలేదు. కమిటీ వేసుకుని నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. మా కోపమూ నిజమే.

ధర్నాకు పాతికమంది ముసలి రైతులం గొడుగులు వేసుకుని కూర్చుంటే ఎస్సై జీపు దిగకుండానే వెళ్ళిపోయేవాడు. అప్పుడు ఒక కుర్రాళ్ళ సంఘం వాళ్ళు వచ్చారు. మెడలో అందరికీ ఒకే రంగు కండువాలు. రంగు చెప్పను, ఆ పని ఏ రంగుతోనైనా జరుగుతుంది. "పెద్దాయనా, మీరు ముందర నడవండి, ఎనక మేముంటాం," అన్నాడు వాళ్ళ నాయకుడు, కాళ్ళకు దండం పెట్టి. మర్నాడు మోటారుసైకిళ్ళు బారులు తీరి ఊళ్ళోకి వచ్చాయి. ఎస్సై జీపు దిగాడు. నాకు కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు కలిగిన సంతోషం మర్యాదస్తుడు చెప్పుకోదగ్గది కాదు.

తర్వాత నెల తిరగలేదు. గుంటలవాళ్ళలో ఒకే ఒక్కడు సాయిబు, బయటినుంచి వచ్చి రెండు చిన్న గుంటలు కౌలుకు తీసుకున్నవాడు. కండువాలవాళ్ళ ఉపన్యాసాల్లో పెద్ద గుంటలన్నీ ఆవిరైపోయి ఆ రెండు గుంటలే మిగిలాయి. ఉప్పంతా అక్కడినుంచే వస్తోంది! అతను భయపడి ఊరు విడిచిపోతే, పెద్ద గుంటలవాళ్ళు ఆ రెండూ కలుపుకున్నారు. కాలువలో ఉప్పు మాత్రం తగ్గలేదు. మేము చప్పట్లు కొట్టాం. నేను దండ వేయించుకున్నాను.

ఆ తర్వాత వాళ్ళ కన్ను పీర్ల పండగ మీద పడింది.

మా ఊళ్ళో సాయిబుల ఇళ్ళు నాలుగో అయిదో. పీర్ల చావిడి చూసేది మస్తాన్ సాయిబు అనే పెద్దాయన. కానీ పీర్లను ఎత్తేది మా రైతుల ఇళ్ళవాళ్ళం. ముందు పలక, అంటే డప్పు, కొట్టేది టింబక్టూ ఇంటివాళ్ళు. వాళ్ళు తాతల నాడే క్రీస్తును నమ్ముకున్నా పలక మాత్రం మానలేదు. పలక మోగందే పీరు చావిడి గడప దాటదు. ఇది ఎప్పటినుంచి అంటే ఎవరికీ తెలియదు.

హిందువులైనవాళ్ళు పీర్లను మొయ్యకూడదని కండువాలవాళ్ళు అన్నారు. పట్నం నుంచి వచ్చిన ఒక మతబోధకుడు మస్తాన్ సాయిబును కూర్చోబెట్టి, అసలు ముస్లిములే ఇవి చెయ్యకూడదన్నాడు. పాస్టరు మాత్రం ఊరుకుంటాడా, రక్షణ పొందినవాడు పలక ముట్టకూడదన్నాడు.

"ముగ్గురూ ఒక్క అయ్యోరి దగ్గర చదివినట్టుండారే!" అన్నాడు టింబక్టూ టీ కొట్లో, అందరికీ వినపడేట్టు. ఒక్కరూ నవ్వలేదు. అప్పటికే మా కొట్లో ఎప్పుడు నవ్వాలో కండువాల వైపు చూసి తెలుసుకునే అలవాటు వచ్చింది.

గొడవ లేకుండా చూడమని ఎస్సై నాకు చెప్పాడు. నేను ఆయన ఇంటికి వెళ్ళాను. బొగ్గుల మీద పాత్ర పెట్టాడు. మొదటి గ్లాసు ఇచ్చాడు.

"ఈ ఒక్క ఏడు ఆపుదాం," అన్నాను. "కాలువ పని అయిపోనీ. తర్వాత అన్నీ మామూలే."

"'నువ్వు గుంటలవాళ్ళ మోటార్లు బాగుచేసి బతికేవాడివి, నీకేం తెలుసు రైతు బాధ' అనవా నన్ను? ఊళ్ళో అంతా అంటుండారే."

"నేనెందుకంటాను."

"అన్నావని విన్నాలే." నిజమే, అన్నాను. ఆయన గ్లాసు వైపే చూస్తూ అడిగాడు. "ఒకటి చెప్పు అధ్యక్షా. ఎందుకు పిలిచినావు వాళ్ళని?"

"ఏం చెయ్యమంటావు? పాతికమంది ముసలోళ్ళం. ఎవడు లెక్క చేసినాడు మమ్మల్ని? వాళ్ళ దగ్గర బండ్లుండాయి..."

నోట్లో మాట ఇంకా ఉండగానే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. లోపల అన్నం వండుతున్న ఆయన భార్య వాకిట్లోకి వచ్చి చూసింది. ఆయన వేలితో నా ముఖం చూపించాడు.

"చెంప తుడుచుకో. నీలం అంటుకునింది."

నేను తుడుచుకున్నాను. నిజంగా చెయ్యి ఎత్తి చెంప తుడుచుకున్నాను. ఆమె ఆయనకంటే గట్టిగా నవ్వింది. రెండో గ్లాసు కోసం ఆగలేదు నేను.

"పలక కొడతా," అన్నాడు వెనకనుంచి. "చావిడి తీసినా కొడతా, తియ్యకున్నా కొడతా."

పండగ ఆఖరి రోజు సాయంత్రం చావిడికి తాళం వేసి ఉంది. మస్తాన్ సాయిబు చుట్టాలింటికి వెళ్ళిపోయాడు. పీర్లను ఎత్తాల్సిన మేము తలా ఒక గోడ చాటున నిలబడ్డాం. టింబక్టూ ఒక్కడే చావిడి ముందు కూర్చుని గడ్డి మంట వేసి పలక కాచుకున్నాడు. కాక ఎక్కాక వేలితో మీటి చూసి, లేచి, కొట్టాడు. ఊరి ఆడవాళ్ళు అలవాటు కొద్దీ బిందెలతో నీళ్ళు తీసుకుని గడపల్లోకి వచ్చారు, పీర్లు ఎత్తినవాళ్ళ కాళ్ళ మీద పొయ్యడానికి. వచ్చి, చూసి, బిందెలు అక్కడే దించారు.

మోటారుసైకిళ్ళు వచ్చి ఆయన చుట్టూ తిరిగాయి. హారన్లు మోగించారు. ఆయన దరువు మార్చలేదు. ఒక కుర్రవాడు దిగి పలక లాక్కుని నేల మీద వేసి మడమతో తొక్కాడు. తోలు చిరిగింది. ఆ కుర్రవాణ్ణి నేను ఎరుగుదును, ధర్నాలో నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చినవాడే. నేను చెయ్యవలసిందల్లా గోడ చాటునుంచి నాలుగు అడుగులు ముందుకు వచ్చి వాణ్ణి పేరుపెట్టి పిలవడం. పేరు నాలుక మీదే ఉంది.

టింబక్టూ ఖాళీ చట్రం తీసుకుని ముఖం ముందు పెట్టుకుని, కిటికీలోంచి చూసినట్టు అందులోంచి నన్ను చూశాడు. తర్వాత దాన్ని భుజానికి తగిలించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క ఏడు ఆపుదామన్న పండగ మళ్ళీ జరగలేదు. చావిడి తలుపుకు చెదలు పట్టింది. కమిటీకి ఇప్పుడు ఆ కుర్రాళ్ళ నాయకుడే అధ్యక్షుడు. నన్ను దింపిన సంగతి ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. కాలువ గురించి వాళ్ళు మాట్లాడరు. పెద్ద గుంటలవాళ్ళు వాళ్ళ ఊరేగింపులకు జనరేటర్లు ఇస్తారు. బతికినన్నాళ్ళూ ఆ జనరేటర్లు బాగుచేసింది టింబక్టూనే. అందుకు ఆయన సిగ్గుపడలేదు. "నాకు రిపేరుంటే చాలబ్బా, దేశం మీరు తెచ్చుకోండి," అనేవాడు. దారిలో ఎదురైతే చాలు, తువ్వాలు లోపలినుంచి అదే ప్రశ్న. "అధ్యక్షా, దేశం వచ్చిందా?"

ఆయన మీద కోపంతో చాలాకాలం ఆ దారిన వెళ్ళడం మానేశాను. తప్పు నాది, కోపం కూడా నాదే. ఇలాంటివి రెండూ ఒక్కడి దగ్గరే ఉండడం మా ఊళ్ళో కొత్త కాదు.

పోయిన ఎండాకాలం నెల్లూరు ఆస్పత్రిలో ఊపిరి ఆడక పోయాడు. ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. నాకు నాలుగు మాటలు మాట్లాడడం వచ్చని ఆమెకు ఇంకా నమ్మకం. నేను వెళ్ళేసరికి ఆస్పత్రి బండి లేదన్నారు. ఎండకు శవం ఆగదని తొందరపెట్టారు. ఏర్పాట్లు చూడడానికి ఆమె ఆటోలో ఊరికి వెళ్ళిపోయింది. నేను ఫోన్ తీశాను. తీసి, ఎవరికి చేశాను? కండువాలవాళ్ళకు శవాలను మోసే బండి ఒకటి ఉంది, ఉచితం, మూడు వైపులా నాయకుడి బొమ్మతో. పది నిమిషాల్లో వచ్చింది. పెద్దాయనా అని మళ్ళీ దండం పెట్టారు కూడా.

ఊరి మలుపులో ఆమె, చుట్టాలు ఎదురు చూస్తున్నారు. మస్తాన్ సాయిబు కూడా కర్ర పట్టుకుని ఉన్నాడు. బండి ఆగింది. ఆమె బొమ్మ వైపు చూసింది.

"ఈ బండి యాడిదన్నా? ఎవరు పిలిచినారు వీళ్ళని?"

"నేనేనమ్మా. ఏం చేసేది. ఆ టైముకి వాళ్ళ దగ్గరే బండి ఉండాది..."

అన్నాక విన్నాను నా మాట. ఆ కథ ఎన్ని వందల టీలకు ఆమె గ్లాసులు కడుగుతూ విన్నదో! ఈసారి ఆమె నవ్వలేదు.

"దించండి," అంది.

నులక మంచం తెచ్చారు. నలుగురం ఎత్తాం. ఆమె తమ్ముడు, గుంటల మీద పనిచేసే ఒకతను, వద్దన్నా వినకుండా మస్తాన్ సాయిబు, నేను. శ్మశానానికి దారి మా పొలాల మధ్యనుంచే. ఎప్పుడో బీడు పడిన మళ్ళు. తూర్పుగాలికి తెల్లటి ఉప్పుదుమ్ము లేచి కళ్ళలో పడుతోంది. నేను తువ్వాలు తీసి తలకూ మూతికీ చుట్టుకున్నాను, ఆయన చూపించినట్టే. దుమ్ముకే చుట్టుకున్నానని అప్పుడు అనుకున్నాను. వెనక ఆ ఖాళీ బండి నెమ్మదిగా, లైట్లు వేసుకుని, సమాధి దాకా వచ్చింది. ఎవరూ పొమ్మనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు ఫోన్లలో ఫోటో వచ్చింది. 'మా సంఘం ఆధ్వర్యంలో అంతిమయాత్ర' అని. ఫోటోలో బండే పెద్దగా ఉంది, మంచం చిన్నగా ఉంది. మా ఊరివాళ్ళంతా దండాల బొమ్మలు పెట్టారు. వాటి కింద ఎవడో కుర్రవాడు రాశాడు: "మంచం మోసేదాంట్లో ఆ ముఖానికి గుడ్డ కట్టుకున్నోడు ఎవడు? టెర్రరిస్టు మాదిరి ఉండాడే!"

దానికి చాలామంది నవ్వారు. ఎవడన్నదానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ జవాబు రాయలేదు. నేనూ రాయలేదు.